నువ్వు చెప్పు, నేను నొక్కుతాను

మా మేడకి పద్దెనిమిది మెట్లు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన పదహారేళ్ళలో వాటిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, పూటకి నాలుగుసార్లు ఎక్కి దిగాల్సి వచ్చేసరికి నా మోకాళ్ళే లెక్క తేల్చాయి.

ఎక్కడానికి కారణం మా మావయ్యగారి కేక.

"అమ్మాయ్! తెలుగు పోయింది!"

వీధిలో వెళ్ళేవాళ్ళు వింటే ఎవరో భాషోద్యమం చేస్తున్నారనుకుంటారు. మా ఇంట్లో దాని అర్థం వేరు. విండోస్‌లో ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే కీబోర్డు తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారిపోతుంది. ఆయన బొటనవేలు కాస్త బరువు. ఏ వత్తు కోసమో తడుముకుంటూ ఆ రెండిటి మీదా ఒకేసారి పడేది. తల ఎత్తి చూసేసరికి సగం వాక్యం తెలుగు, మిగతా సగం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. అప్పుడా కేక. నేను ఆఫీసు మీటింగులో మైకు మూసి, కెమెరా ఆపి, మేడెక్కి, రెండు మీటలు నొక్కి దిగి రావడం. రెండు మీటల కోసం ముప్ఫయ్యారు మెట్లు.

ఆయన రాస్తున్నది చిన్న విషయమేం కాదు. నాగార్జునసాగర్ కుడికాలవ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, ఆ కాలవ గట్ల మీదే తల నెరిసిన మనిషి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలిన రోజు జనంలో నిలబడి చూశానని మా పిల్లాడికి కొన్ని వందలసార్లు చెప్పారు. వాడు ఒకరోజు విసుగొచ్చో, ప్రేమతోనో, "తాతయ్యా, ఇదంతా టైపు చెయ్యొచ్చుగా" అని కీబోర్డుకి తెలుగు స్టిక్కర్లు అంటించిచ్చాడు. ఇన్‌స్క్రిప్టు లేఅవుటు. అచ్చులన్నీ ఎడమచేతి వైపు, హల్లులన్నీ కుడిచేతి వైపు. ఆ పద్ధతి ఆయనకి తెగ నచ్చింది. "ఇది ఎవడో ఇంజనీరు చేసిన పనే" అని మెచ్చుకుని, డెబ్భై ఎనిమిదో ఏట రెండు వేళ్ళతో మొదలుపెట్టారు.

మావారు అప్పుడు పుణెలో చిక్కుకుపోయి ఉన్నారు. పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసులు. కాబట్టి కంప్యూటరు వైద్యం నా మెడకి చుట్టుకుంది. నేను లెక్కలు చూసే మనిషిని, కంప్యూటర్లు చూసే మనిషిని కాదు. అయినా రెండు మెషిన్లూ ఒకే ఇంట్లో ఉన్నాయి, రెండిటికీ ఒకటే ఇంటర్నెట్. కింద కూర్చుని పైదాన్ని చక్కబెట్టడం ఏమంత గొప్ప పని అనుకున్నాను.

ముందు రిమోట్ డెస్క్‌టాప్ అనే పేరు తగిలింది. వినడానికి సరిగ్గా అదే కావాలనిపించింది. రెండు గంటలు కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, మావయ్యగారి పాత డెస్క్‌టాపులో ఉన్నది విండోస్ 7 హోమ్ రకం. హోమ్ రకం మెషిన్‌లోంచి బయటివాటిలోకి వెళ్ళొచ్చు గానీ, బయటినుంచి దానిలోకి ఎవరినీ రానివ్వదు. అలా రానివ్వాలంటే ప్రొఫెషనల్ లాంటి పెద్ద రకం ఉండాలి. ఒకవేళ అది కుదిరినా ఇంకో చిక్కుంది. నేను కిందనుంచి లోపలికి వెళ్ళగానే పైన ఆయన స్క్రీనుకి తాళం పడుతుంది. అంటే నేను పని చేస్తుంటే ఆయన ఖాళీ అద్దం చూస్తూ కూర్చోవాలి. ఇప్పుడాలోచిస్తే అది కుదరకపోవడం మా అదృష్టం. అప్పుడు మాత్రం తిట్టుకున్నాను.

రెండోది రిమోట్ అసిస్టెన్స్. ఇది 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన పాత సరుకు. ఇందులో ఎవరి స్క్రీనుకీ తాళం పడదు, ఇద్దరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది. తెరవగానే రెండు దారులు చూపిస్తుంది. మిమ్మల్ని పిలిచినవారికి సాయం చెయ్యండి, ఒకటి. మీరు నమ్మినవారిని సాయానికి పిలవండి, రెండోది. సాయం కావలసినవాళ్ళు రెండోది నొక్కితే ఒక ఆహ్వానం ఫైలూ, పన్నెండు అక్షరాల పాస్‌వర్డూ పుడతాయి. ఫైలు సాయం చేసేవాళ్ళకి అందాలి, పాస్‌వర్డు నోటితో చెప్పాలి. నేనై నేను ఆయన కంప్యూటర్లోకి దూరడానికి వీల్లేదు. ఆయన పిలవాలి.

మొదటి ఆహ్వానం నాకు బుట్టలో వచ్చింది. మా అత్తయ్యగారు కూరగాయల బండి దగ్గరికి బాల్కనీలోంచి తాడు కట్టి బుట్ట దించేవారు. మావయ్యగారు ఆ ఫైలుని పెన్‌డ్రైవులో వేసి, అదే బుట్టలో, రెండు దోసకాయల పక్కన పెట్టి దించారు. తర్వాత బాల్కనీ అంచున నిలబడి పాస్‌వర్డు ఒక్కో అక్షరమే గట్టిగా చదివారు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఏమిటండీ, లాటరీయా?" అని అడిగారు. వీధి మొత్తానికి తెలిసిన ఆ పాస్‌వర్డు కొట్టి ఎంటర్ నొక్కాను.

కలవలేదు.

మళ్ళీ బుట్ట, మళ్ళీ కేకలు. మళ్ళీ కలవలేదు. మూడోసారి ఆరా తీస్తే, బుట్ట దించగానే మావయ్యగారు స్క్రీను మీది ఆహ్వానం కిటికీ మూసేస్తున్నారని తెలిసింది. "వాడనిది తెరిచి ఉంచడమెందుకు?" అన్నారు. నీళ్ళ శాఖ అలవాటు, షట్టరు తెరిస్తే మూసేదాకా నిద్రపట్టదు. ఆ కిటికీ మూస్తే ఆహ్వానం చచ్చిపోతుంది. సరే, తెరిచే ఉంచారు. అయినా కలవలేదు.

ఇక్కడ నేను చేసిన మొదటి తెలివితక్కువ పని చెప్పాలి. కంప్యూటర్ల సంగతి సగం తెలిసినవాళ్ళందరూ చేసేదే అది. ఏదీ కలవకపోతే నేరం ఫైర్‌వాల్ మీద మోపడం. రెండిట్లోనూ దాన్ని పూర్తిగా ఆపేశాను. పైగా ఆ విండోస్ 7కి ఆ ఏడాది జనవరి 14తోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అంటే తలుపులు పాతబడిన ఇంటికి ప్రహరీ గోడ కూడా కూల్చేశానన్నమాట. కూల్చినా కలవలేదు. రెండు రోజులు అలాగే వదిలేశాను, ఆపిన సంగతే మర్చిపోయి.

మూడోరోజు మెషిన్ల అడ్రసులు చూద్దామనుకున్నాను. నల్ల కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే అడ్రసు కనిపిస్తుంది. ఇంట్లో వాడుకునే ఈ అడ్రసులు చాలావరకు 192.168తోనే మొదలవుతాయి. ప్రతి ఊళ్ళోనూ రామాలయం వీధి ఉన్నట్టు. పక్కింట్లోనూ అదే అడ్రసు ఉండొచ్చు, గొడవేం లేదు, ఎవరి ఊళ్ళో వాళ్ళ రామాలయం. ఫోను స్పీకర్లో పెట్టి మావయ్యగారి చేత ఆయన అడ్రసు చదివించుకున్నాను.

"నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, సున్నా, నూట నాలుగు."

రాసుకున్నాను. నాది 192.168.1.5. రెండూ పక్కపక్కన పెట్టుకుని నాలుగుసార్లు చూశాను. నాకేం తట్టలేదు.

"నీదెంతమ్మా?" అన్నారు ఆయన. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"మూడో నెంబరు నాది సున్నా, నీది ఒకటి ఎందుకుంది? ఒకే మేజరు కింద ఉన్న చేలకి మేజరు నెంబరు ఒకటే ఉండాలి కదా?"

ఆ మాటకి నేను కుర్చీలో వెనక్కి వాలాను. సాగర్ కాలవ మీద పెద్దకాలవ, దాన్నుంచి మేజర్లు, వాటినుంచి మైనర్లు, వాటికి తూములు. ఏ చేనుకి ఏ తూము నీళ్ళు, ఆ తూము ఏ మైనరు మీదుంది, అన్నది నెంబర్లలో చూడగానే చెప్పగలిగిన మనిషి. నేను మూడు రోజులు గోడకి తల కొట్టుకున్న విషయం ఆయనకి నెంబరు వినగానే పట్టుబడింది.

పింగ్ పెట్టి చూశాం. ఒక మెషిను ఇంకోదాన్ని పేరు పెట్టి పిలిచి, "ఉన్నావా?" అని అడగడం లాంటిదది. పైనుంచి నన్ను పిలిస్తే నాలుగుకి నాలుగూ జవాబులొచ్చాయి. కిందనుంచి ఆయన్ని పిలిస్తే ఒక్కటీ రాలేదు, గడువు తీరిందని నాలుగు వరసలు.

"అయితే మధ్యలో షట్టరుందమ్మాయ్. నా వైపు నుంచి కిందికి పారుతోంది. నీ వైపు నుంచి పైకి ఎక్కట్లేదు. నీళ్ళు పల్లమెరుగు అంటారు కదా."

ఆ షట్టరు ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు సంవత్సరం పైన సిగ్నలు సరిగా రావట్లేదని ఒక కుర్రాడొచ్చి రెండో రౌటరు పెట్టి వెళ్ళాడు. కిందినుంచి వచ్చిన వైరుని దానికి ఇంటర్నెట్ కోసం విడిగా, వేరే రంగులో ఉండే రంధ్రంలో గుచ్చాడు. అలా గుచ్చితే ఆ రౌటరు తానే ఒక ఇంటి యజమాని అనుకుంటుంది. తన కింద ఉన్నవాటికి తనే అడ్రసులు పంచుతుంది. లోపలివాళ్ళని బయటికి పోనిస్తుంది, వాళ్ళకి వచ్చిన జవాబుల్ని తెచ్చిస్తుంది. పిలవకుండా వచ్చినవాళ్ళని మాత్రం గడప దగ్గరే ఆపేస్తుంది. అది దాని ధర్మం, తప్పు పట్టడానికి లేదు. ఆహ్వానం ఫైల్లో ఉన్నది పై మెషిను అడ్రసు. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాల్సింది నా ల్యాప్‌టాపు. మావయ్యగారి రౌటరు లెక్కలో నేను పరాయి మనిషిని. పదహారేళ్ళ కోడలిని, అయినా సరే.

సరిచెయ్యడానికి పావుగంట కూడా పట్టలేదు. పై రౌటర్లో అడ్రసులు పంచే పని ఆపేశాం. దానికి కింది రౌటరు వరసలోనే 192.168.1.2 అని ఒక అడ్రసిచ్చాం. వైరుని రంగు రంధ్రంలోంచి పీకి మామూలు రంధ్రంలో పెట్టాం. ఒక ఇంట్లో అడ్రసులు పంచేవాళ్ళు ఒక్కరే ఉండాలి. మావయ్యగారి మెషిను ఈసారి 192.168.1.7 అయింది. "ఇప్పుడు ఒకే మేజరు" అన్నారు.

ఇంకొక్క అడ్డం మిగిలింది. వైరు మార్చగానే విండోస్ ఇది కొత్త చోటనుకుని, ఇల్లా, ఆఫీసా, పబ్లిక్ స్థలమా అని అడిగిందట. ఆయన ఆలోచించకుండా పబ్లిక్ నొక్కారు. ఎందుకని అడిగితే, "ముప్ఫై ఏళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేశానమ్మా, పబ్లిక్ అన్నాక కాదంటామా?" అన్నారు. పబ్లిక్ అంటే రైల్వే స్టేషను లాంటి చోటని విండోస్ లెక్క. అక్కడ ఎవరినీ నమ్మదు, గోడలు ఎత్తు చేస్తుంది. దాన్ని ఇల్లుగా మార్చి, ఫైర్‌వాల్ రెండు చోట్లా మళ్ళీ పెట్టేశాను. పెట్టాక కూడా చక్కగా కలిసింది. అది ఆపడం ఎప్పుడూ అవసరమే కాలేదు. ఏమీ తెలియనప్పుడు గోడ కూల్చడం నా బుద్ధి. నీళ్ళెటు పారుతున్నాయో ముందు చూడటం ఆయన బుద్ధి. ఆ తేడా అప్పుడే గమనించి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

కలిసిన రోజు సంబరమే. నా స్క్రీను మీద ఆయన స్క్రీను. వెనక సాగర్ డ్యామ్ ఫోటో, ముందు పద్నాలుగో పేజీ. "కంట్రోల్ ఇవ్వండి" అని నేను మీట నొక్కితే, పైన ఆయనకి ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఫలానావారు మీ డెస్క్‌టాపుని మీతో పాటు నడపొచ్చా అని అడుగుతుంది. అవునంటేనే నా మౌసు అక్కడ కదులుతుంది. ఆయన అవునన్నారు. బాణం దానంతటదే కదిలి, తెలుగు తెచ్చి పెట్టి, ఊరుకుంది. "అబ్బో" అన్నారు. అత్తయ్యగారిని పిలిచి చూపించారు.

ఆ పైన పెన్‌డ్రైవు, బుట్ట అక్కర్లేకుండా 'పిలుపు' అని ఒక షేర్డ్ ఫోల్డరు పెట్టాం. ఆయన ఆహ్వానం దాన్లో పడేస్తారు, నేను తీసుకుంటాను, పాస్‌వర్డు ఫోన్లో. మెట్లు తప్పాయి.

మెట్లతో పాటు ఇంకోటి కూడా తప్పిందని అప్పుడు తెలీలేదు. మేడెక్కి వెళ్ళినప్పుడు ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. ఎక్కడిదాకా వచ్చిందో చదివి వినిపించేవారు. అత్తయ్యగారు మజ్జిగిచ్చేవారు. కిందనుంచి అయితే అవేమీ లేవు. పిలుపు రావడం, కంట్రోల్ అడగడం, చకచకా నాలుగు నొక్కులు, అయిపోయింది మావయ్యగారూ, ఫోన్ పెట్టెయ్యడం. ఆయన ఏదో అడగబోతుంటే నా బాణం అప్పటికే ఆ పని చేసేసేది. ఒక్కోసారి ఆయన కూడా మౌసు కదిపేవారు. ఉన్న బాణం ఒక్కటే, చేతులు రెండు. ఒకే గరిటె ఇద్దరు పట్టుకుని తిప్పినట్టు ఉండేది. "మీరు ముట్టుకోకండి మావయ్యగారూ" అనేదాన్ని. ఆయన కంప్యూటరు, ఆయన రాత. ముట్టుకోవద్దని ఆయనకి నేను చెప్పడం.

మూడు వారాలకి పని తగ్గింది గానీ నా చెయ్యి ఆగలేదు. ఒకరోజు పిలుపు ఇంకా తెరిచే ఉంది. ఆయన భోజనానికి లేచారు, కంట్రోల్ నా దగ్గరే ఉంది. డెస్క్‌టాపు నిండా ఫైళ్ళు. కాలవ1, కాలవ2, కాలవ2 పాతది, కాలవ2 ఇంకా పాతది. నాకు అట్టే పోగుపడిన సామాను చూస్తే చేతులు ఊరుకోవు. ఫోల్డర్లు చేశాను, సర్దాను. పాతవన్నీ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. శుభ్రంగా ఉందనుకున్నాను. ఆయన తిరిగొచ్చి చూసి సంతోషిస్తారనుకున్నాను.

'కాలవ2 ఇంకా పాతది' అన్నది పాత ప్రతి కాదు. ఆయన పేరు పెట్టిన తీరది. పాత రోజుల గురించి రాసింది కాబట్టి ఇంకా పాతది. తనతో పాటు రాత్రిళ్ళు గట్టు మీద కాపలా తిరిగిన ఒక లస్కరు గురించి ఆరు పేజీలు. గండి పడబోయిన ఒక రాత్రి ఆ మనిషి ఇసక బస్తాల మధ్య ఏం చేశాడన్నది. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత అత్తయ్యగారి ద్వారా తెలిసింది. వెనక్కి తేవడానికి ఏవేవో ప్రోగ్రాములు పెట్టి చూశాను, రాలేదు. మావయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు ఎప్పటిలాగే ఆహ్వానం వచ్చింది, పాస్‌వర్డు చెప్పారు, స్క్రీను కనిపించింది. కంట్రోల్ అడిగాను. ఎదురుచూస్తున్నాను. నా స్క్రీను మీద ఒక చిన్న వాక్యం వచ్చింది, అవతలివారు ఒప్పుకోలేదని.

పొరపాటున నొక్కారేమో అనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దన్నారు.

ఫోన్లో నెమ్మదిగా అన్నారు, "నువ్వు చెప్పు, నేను నొక్కుతాను."

అంతకన్నా కష్టమైన ఉద్యోగం నేనెప్పుడూ చెయ్యలేదు. ఏది ఎక్కడుందో నా చేతికి తెలుసు, నా నోటికి తెలీదు. "అక్కడ పైన... అదే, ఆ పక్కది... కాదు, ఇంకాస్త ఇటు..." ఇటు అంటే ఎటు? పది సెకన్లలో నేను చేసే పనికి మొదటిరోజు ఇరవై నిమిషాలు పట్టింది. కళ్ళకి ఎదురుగా ఆయన బాణం తప్పుడు చోటికి పోతుంటే నా వేలు నా మౌసు మీద ఊరికే నొక్కుతూ ఉండేది, ఏమీ జరగదని తెలిసినా. ఆ వేలిని ఆపుకోవడం నేర్చుకోవడానికి వారం పట్టింది.

తర్వాత మాకొక భాష తయారైంది. సెట్టింగుల బొమ్మ పళ్ళచక్రం. వెతికేది భూతద్దం. మూడు అడ్డగీతలున్నది నిచ్చెన. సగం పేర్లు ఆయనవే. చెప్పినవన్నీ ఆయన ఒక పొడుగు నోటు పుస్తకంలో ఎర్రగీత ఇవతల నెంబరు, అవతల పని, మెజర్‌మెంట్ బుక్కులో రాసినట్టు రాసుకున్నారు. మొదటి పేజీ నాకు కంఠతా వచ్చు: "1. తెలుగు పోతే: ఎడమ ఆల్ట్ + షిఫ్ట్. ఒక్కసారే. రెండుసార్లు నొక్కితే మళ్ళీ మొదటికే." దాని కింద వేరే సిరాతో, "కంగారు పడి అమ్మాయిని పిలవరాదు."

ఆగస్టుకి పిలుపులు వారానికొకటి అయ్యాయి. లస్కరు గురించి మళ్ళీ రాశారు, ఈసారి నాలుగు పేజీలే వచ్చింది. మొదటిదంత బాగా కుదరలేదని ఆయనే అన్నారు. నేను కాదనలేదు, మొదటిది నేను చదవలేదు కదా.

2021 సంక్రాంతికి ఆ పాత డబ్బాకి సెలవిచ్చి కొత్త మెషిను కొన్నాం. దాన్లో విండోస్ 10. అందులో క్విక్ అసిస్ట్ అని కొత్తది కనపడేలా ఉంది. పాత రిమోట్ అసిస్టెన్స్ కూడా ఉంది గానీ ఎక్కడో లోపల దాచారు, ఎమ్మెస్సారే అని పొట్టిపేరు కొట్టి పిలిస్తే గానీ రాదు. కొత్తది తేలిక. చిన్న కోడు చాలు, ఫైళ్ళ గొడవ లేదు, రౌటర్ల గొడవ లేదు, పుణెలో ఉన్నవాళ్ళకైనా పనికొస్తుంది. కానీ అది ఇంటర్నెట్ మీదుగా వెళుతుంది. మేడ మీదికి చీటీ పంపడానికి పోస్టాఫీసు దాకా వెళ్ళడం. మావయ్యగారి అభ్యంతరం అది కాదు. క్విక్ అసిస్ట్‌లో కోడు పుట్టేది సాయం చేసేవాళ్ళ దగ్గర. సాయం కావలసినవాళ్ళు దాన్ని అడిగి తెలుసుకుని తమ దగ్గర కొట్టుకోవాలి.

"సాయం కావలసింది నాకు. టికెట్టు నువ్వివ్వడమేమిటి?" అన్నారు.

కొత్తదాన్ని చేసినవాళ్ళకి వాళ్ళ కారణాలు ఉండే ఉంటాయి. నేను ఆయన పక్షం. పాతదే వాడుతున్నాం.

ఆ ప్రశ్న ఎంత విలువైందో నాకు 2022 మార్చిలో తెలిసింది. ఇయర్ ఎండింగు, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఫోనొచ్చింది. బ్యాంకు నుంచి అన్నాడు, కేవైసీ ఆగిపోయింది, ఇవాళ దాటితే ఖాతా నిలిచిపోతుంది, ఒక చిన్న యాప్ వేసుకోండి మేడమ్, మేమే సరిచేస్తాం. గౌరవంగా, మంచి తెలుగులో మాట్లాడాడు. స్క్రీను చూపించే అలాంటి యాపుల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులని హెచ్చరించిందని నాకు తెలుసు. మా ఆఫీసులో ఆ కాగితం నేనే అందరికీ పంపాను. తెలిసి కూడా యాప్ వేశాను. తొమ్మిది అంకెలు వచ్చాయి. చదవమన్నాడు. చదువుతున్నాను.

మావయ్యగారు టీ గ్లాసు పెట్టడానికి కిందికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆరో అంకె దగ్గర అడిగారు.

"ఎవరమ్మాయ్?"

"బ్యాంకు వాళ్ళు మావయ్యగారూ, ఒక్క నిమిషం."

"నువ్వు పిలిచావా, వాడే వచ్చాడా?"

ఏడో అంకె నా నోట్లోనే ఉండిపోయింది. ఫోన్ పెట్టేశాను, యాప్ తీసేశాను. మా బ్రాంచికి ఫోన్ చేస్తే కేవైసీ ఎప్పుడో అయిపోయింది, ఎవరూ మీకు చెయ్యలేదన్నారు. మావయ్యగారు పైకి వెళ్ళి ఆ నోటు పుస్తకం అట్ట మీద సైబర్ మోసాలకి ఫోన్ చెయ్యాల్సిన 1930 నెంబరు పెద్దగా రాసుకున్నారు. అది నా కోసం రాసిందే, ఆయనకి దాని అవసరం లేదు.

కాలవ పుస్తకం ఇప్పుడు నూట పన్నెండు పేజీలైంది. బొమ్మలు పెట్టడం దగ్గర ఈ మధ్య తరచు పిలుస్తున్నారు. పిలుపు మొదలైనప్పుడు వట్టి చూపే. కంట్రోల్ నేను అడగను. ఎప్పుడైనా ఆయనే "ఇది నువ్వు చెయ్యి" అంటే అడుగుతాను, పని కాగానే వదిలేసి చెబుతాను. కుదిరినప్పుడు మాత్రం మెట్లే ఎక్కుతున్నాను. మజ్జిగ ఇంకా ఇస్తున్నారు.

విండోస్‌లో ఆహ్వానం గడువు మామూలుగా ఆరు గంటలు ఉంటుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, పొద్దున ఇచ్చిన ఆహ్వానంతో మళ్ళీ వెళ్ళబోతే లోపలికి రానివ్వలేదు. మళ్ళీ ఏ రౌటరు గొడవోనని ఫోన్ చేశాను. గొడవేం లేదట. తనే పళ్ళచక్రాలన్నీ వెతుక్కుంటూ లోపలికి వెళ్ళి, గడువుని ఆరు గంటల నుంచి గంటకి తగ్గించారట.

"నీకు గంట చాలమ్మా" అన్నారు.